కూర్మమ్మ, వయసు నాలుగేళ్లు

గంటే ఉంది సిస్టరుగారూ అన్నారు ధనరాజ్ అయ్యగారు, పదకొండుకి పెళ్లి, పదిన్నరకల్లా పెళ్లికూతురు ఈ గదిలోకే వచ్చి కూచుంటుంది, ఈలోగా మీకు కావలసింది చూసుకోండి, అంటూ బీరువా అడుగు అరలోంచి ఆ పుస్తకాన్ని రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టి, బయట షామియానావాళ్లు కేకేస్తుంటే అటు పరుగెత్తారు. పాస్టరంటే తెల్లగడ్డం, ఉరిమే గొంతు ఉంటాయనుకుని వచ్చాను, ఈయనకి ముప్ఫయ్యేళ్లు కూడా ఉండవు, చొక్కా చేతులు మడుచుకుని తనే కుర్చీలు మోస్తున్నారు. తొమ్మిదీ ముప్ఫయి అయిదు. మరణముల పుస్తకము, 1931 నుండి, అని అట్ట మీద ఎవరో అందంగా రాశారు, చెదలు తిన్నంత తిని వదిలేశాయి. చావుల పుస్తకాలు నాకు కొత్త కాదు, పన్నెండేళ్లుగా ఏఎన్ఎం ఉద్యోగం, నెలనెలా పుట్టినవాళ్ల పట్టిక, పోయినవాళ్ల పట్టిక నింపి పంపేది నేనే, ఏ గడిలో ఏం రాయాలో నిద్రలో అడిగినా చెబుతాను, అయినా అట్ట తెరవడానికి చెయ్యి రావడం లేదు. కిటికీ అవతల పెద్ద డేగిసాలో మసాలా వేగుతోంది, ఆ ఘాటుకి తుమ్మొచ్చింది, తుమ్మితే దుమ్ము లేచింది, దుమ్ముకి మళ్లీ తుమ్మాను, ఇక తెరవక తప్పలేదు.

ఎల్లాజీ తాత ఆ మాట అనకపోతే నేనిక్కడ ఉండేదాన్నే కాదు. పోయిన నెల కొండ కింద ఊళ్లో ఆయనకి బీపీ చూస్తున్నాను, ఏ ఊరమ్మా మీది అన్నాడు, కళింగపట్నం దగ్గర సముద్రం ఒడ్డు తాతా అన్నాను, చేతికి పట్టీ ఉండగానే లేచి కూచున్నాడు. “ఓలమ్మ, మీ సముద్రపోడొకడు సాలూరు సర్చిలో గోతులు తవ్వీవోడు కదేటి! రంగం నుంచి నడిసొచ్చీసినాడంట. మా అయ్య దొరసాని ఆసుపత్రిలో పోతే ఆడే తవ్వినాడు. వల లాగినట్టు హైలెస్సా హైలెస్సా అనుకుంటా తవ్వితే, ఏడిసీవోళ్లకి నవ్వొచ్చీసీది.” పేరేంటి తాతా అంటే గుర్తు లేదన్నాడు. ఆయన బీపీ నూటనలభై చూపించింది, నాది ఎంతుందో ఎవరూ చూడలేదు.

రంగం అంటే రంగూనే. మా పేటలో ఆ మాట వింటే ముసలివాళ్లు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతారు, ప్రతి ఇంట్లోంచి ఎవరో ఒకరు ఓడెక్కినవాళ్లే. మా అమ్మమ్మ కూర్మమ్మకి రెండేళ్లప్పుడు తల్లి పోయింది, తండ్రి పిల్లని తన తల్లి ఒళ్లో పెట్టి రంగం వెళ్లాడు, బియ్యం మిల్లులో బస్తాలు మోయడానికి. ఆయన పేరు గంగులు. అమ్మమ్మకి తండ్రి గురించి తెలిసింది ఆ పేరొక్కటే, ముఖం గుర్తు లేదు, ఫోటో లేదు. యుద్ధం వచ్చింది, అక్కడ బాంబులు పడ్డాయి, ఓడలు ఆగిపోయాయి, జనం అడవులు దాటి కాళ్ల మీద బయల్దేరారు, కొందరు చేరారు, చాలామంది చేరలేదు. గంగులు చేరలేదు. మరుసటి ఏడు పేటలో అమ్మోరు సోకి నాన్నమ్మ కూడా పోయింది, పిల్లని పిన్ని చంకనేసుకుని భావనపాడు తీసుకుపోయి పెంచింది. పెళ్లయ్యాక అమ్మమ్మ మళ్లీ అదే పేటకి కోడలై వచ్చింది, తాత నూకయ్య సముద్రం మీద వేటకి పోతే తను చేపల గంప నెత్తినెట్టుకుని శ్రీకాకుళం వీధులన్నీ తిరిగింది, ముగ్గురు పిల్లల్ని పెంచింది, ఈ ఎనభై ఆరేళ్ల వయసులో కూడా ఎండుచేపల మీద వాలిన కాకిని అమ్మమ్మ తిడితే పక్కింటి కాకులు కూడా లేచిపోతాయి. అంత నోరున్న మనిషి ఒక్క విషయం దగ్గర నోరు తెరవదు. ఏటా పెద్దలకి అన్నం పెట్టే రోజు వరసగా ఆకులు వేస్తుంది, తల్లికొకటి, నాన్నమ్మకొకటి, మా తాతకొకటి. తండ్రికి వెయ్యదు. ఎందుకు వెయ్యవంటే, “సచ్చినాడో బతికినాడో తెల్లనోడికి ఏటి పెడతామే” అంటుంది. ఒక్కసారి మాత్రం, నేను ట్రైనింగుకి వెళ్తున్న రోజు, బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు, నా వైపు చూడకుండా అంది, “బతికుంటే నాకోసం వచ్చీవోడు కదేటి. బతికుండీ రాలేదంటే, నాను అక్కర్లేదనుకున్నాడనే కదా. అందుకే సచ్చిపోనాడనే అనుకుంతాను. అదే నయం.” అంతలో బస్సొచ్చింది, నేనెక్కాను, కిటికీలోంచి చూస్తే గంప సర్దుకుంటోంది.

అందుకే ఆ సముద్రపోడు మా గంగులు కాకపోతే బాగుండునని కూడా సగం కోరుకుంటూ పేజీలు తిప్పుతున్నాను. రంగం నుంచి నడిచొచ్చినవాడు సాలూరులో బతికి ఉండి, అక్కడికి ఒక్క రోజు దూరంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లలేదని తేలితే, ఆ మాట నేను తీసుకెళ్లి ఆ ముసలిదానికి ఎలా చెప్పను. తొమ్మిదీ నలభై ఎనిమిది. బ్రౌను రంగుకి తిరిగిన సిరా, నిలువు గీతలు, ఎనిమిది గడులు, తేది, పేరు, వయసు, ఊరు, కారణము, సమాధి చోటు, గొయ్యి తవ్వినవాడు, చివర షరా. నా పట్టికల్లో గొయ్యి తవ్వినవాడికి గడి లేదు, ఉండాల్సిందనిపిస్తోంది. 1938, 1939, జ్వరము, కాన్పు, పాము, ముసలితనము, తవ్వినవాడు జగన్నాధం, జగన్నాధం, జగన్నాధం, పాపం జగన్నాధం ఎన్ని తవ్వాడో, 1942 చివర్లో చనిపోయినవారి గడిలోకి ఆయనే వచ్చేశాడు. బయట మైకు పరీక్షిస్తున్నారు, హలో హలో చెక్ చెక్. 1943 మార్చి మూడు, ఎవరో లక్ష్మణమ్మ, వయసు అరవై, తవ్వినవాడు, గంగులు, పక్కన బ్రాకెట్లో, సముద్రపువాడు.

వేలు అక్కడే పెట్టి ఉంచాను. గంగులు అని పిలిస్తే మా ఒడ్డున పదిమంది తిరిగి చూస్తారు, తొందరపడకు భారతీ అని నాకు నేనే చెప్పుకున్నాను, ఈ పేరు మొదట ఎక్కడ వచ్చిందో చూడు అని ఒక పేజీ వెనక్కి తిప్పాను. వెనక పేజీలో తవ్వినవాడి గడిలో లేదు, ఇంకెక్కడో ఉంది. షరాలో. ఆ వరస మొదటి నుంచి చదివాను, మళ్లీ చదివాను, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. 1943 ఫిబ్రవరి 14. కూర్మమ్మ. ఆడ. వయసు నాలుగేళ్లు. ఊరు, కళింగపట్నం ఒడ్డు పేట. కారణము, మశూచి. సమాధి, ఇచట లేదు. షరా: తండ్రి గంగులు కోరికపై రాయడమైనది. రంగము నుండి నడచి వచ్చి కాళ్ల పుండ్లతో మన ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటిల్లిపాదీ పోయిరని చీపురుపల్లి స్టేషనులో ఒకరు చెప్పిరట. ఇతడు మన సంఘస్థుడు కాడు, పిల్లయు కాదు. ఎక్కడనైనా పిల్ల పేరు రాయమని మూడు దినములుగా ఏడ్చుచున్నాడు. కనుక రాసితిని.

అమ్మమ్మ చనిపోయింది. ఫిబ్రవరి పద్నాలుగున చనిపోయింది. పొద్దున్న ఆరింటికి ఫోను చేసి, సాలూరు బస్సుల్లో కిటికీ పక్కన కూచోకే, నీకు గాలి పడదు అని తిట్టిన మనిషి ఎనభై ఒక్క ఏళ్ల కిందట మశూచి వచ్చి చనిపోయింది, సాక్ష్యంతో సహా ఇదిగో. నాకు నవ్వొచ్చింది, పైకే నవ్వేశాను, నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, పుస్తకం మీద పడకుండా తల పక్కకి తిప్పుకున్నాను, గుమ్మంలోంచి ఎవరో తొంగి చూసి, పెళ్లికి వచ్చి ఏడుస్తున్న ఆడదనుకుని మర్యాదగా వెళ్లిపోయారు. అక్కర్లేదనుకోలేదు అమ్మమ్మా. నువ్వు లేవనుకున్నాడు. నువ్వు ఆయన్ని చచ్చిపోయాడనుకున్నావు, ఆయన నిన్ను చచ్చిపోయావనుకున్నాడు, మధ్యలో ఒక్క రోజు దూరం, ఒక్క తప్పు కబురు.

పది దాటింది, పోనీ. ఇప్పుడు నాకు భయం లేదు, ఇప్పుడు ఈ పుస్తకం నాది. ఎవరెవరి చావుల పక్కనో గంగులు బతుకుతున్నాడు, ఒక్కొక్క వరసా దాటుతుంటే ఆయన నాతో పాటు పెద్దవాడవుతున్నాడు. 1944లో ఒకే వారంలో ముగ్గురికి తవ్వాడు. 1946లో జ్వరం వచ్చి రాలేదు. 1949లో బ్రాకెట్లో సముద్రపువాడు అన్న మాట పోయింది, ఆ ఏడే సంఘంలో కలిసినట్టున్నాడు. 1950 మే నెలలో ఎవరో మునసబుగారి తల్లి పోతే తవ్వినవాడి గడి ఖాళీ, షరాలో, గంగులు తన పెళ్లి అగుటచే రాలేదు, మరియొకరు దొరకనందున నేనే తవ్వించితిని అని. పెళ్లి! చావుల పుస్తకంలో పెళ్లి కబురు చదివింది ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆ రాసిన పాస్టరుగారెవరో గాని కోపిష్టి, ఓపికస్తుడు, రెండూ. 1951 ఆగస్టులో, గొయ్యి లోతు చాలలేదు, అడుగగా నేడు తనకు ఆడపిల్ల పుట్టినదని చెప్పి నవ్వుచున్నాడు, మరల తవ్వించితిని. 1954లో, గోతిలో వాననీరు, గంగులు పడవ పాట పాడెను, మందలించితిని. నెల తిరక్కుండానే, మరల పాడెను, మృతుని కుమారులే పాడమనిరట. అన్నాళ్లూ తవ్వినవాడి గడిలో ఆయన పేరు పక్కన వేలిముద్ర ఉంది, పెద్ద బొటనవేలు, గీతలు అరిగిపోయిన వేలు, 1958లో ఒక పేజీలో అది లేదు, దాని బదులు వంకరటింకర అక్షరాలు, గగులు. సున్నా మర్చిపోయాడు. రెండు వరసల తర్వాత సున్నా పెట్టాడు, మామూలు సున్నా కాదు, పళ్లెమంత సున్నా. అంత వయసొచ్చాక ఎవరు నేర్పారో, ఆ పుట్టిన పిల్లకి అప్పటికి ఏడేళ్లు, అదే నేర్పి ఉంటుంది, పలక మీద పక్కపక్కన కూచుని. వేలితో ఆ సున్నా చుట్టూ దిద్దాను, మా అమ్మమ్మకి రాయడం రాదు, అమ్మకి వచ్చు, నాకొచ్చు, మా ఇంట్లో మొదట సంతకం పెట్టింది మా అమ్మే అనుకునేవాళ్లం. కాదు. ఈయన.

తర్వాత పేజీలు గబగబా తిప్పాను, చేతిరాతలు మారుతున్నాయి, పాస్టర్లు మారుతున్నారు, గంగులు మారడం లేదు, 1966, 1972, అక్షరాలు మళ్లీ వణకడం మొదలుపెట్టాయి, ఈసారి వయసు వల్ల. 1981 జూన్‌లో ఆయన పేరు రెండో గడిలోకి వచ్చింది. గంగులు. వయసు డెబ్బై ఉండవచ్చును. కారణము, నిద్రలో. తవ్వినవాడు అన్న గడిలో ఒకరి పేరు లేదు, సంఘమంతయు అని ఉంది. షరా: భార్య మరియమ్మ ముందే గతించెను. కుమార్తె రాజకుమారి ఉన్నది.

ఉన్నది. 1981లో ఉన్నది. లెక్కేసుకుంటే ఇప్పుడు డెబ్బై మూడు, ఆ వయసు ఆడవాళ్లు నా పట్టికలో ఎంతమంది ఉన్నారు, షుగరు, మోకాళ్లు, అయినా బతికే ఉన్నారు, గట్టిగా ఉన్నారు, అని లోపల గొణుక్కుంటూ లేచాను. సరిగ్గా అప్పుడే అయ్యగారు చేతిలో పూలమాలలతో లోపలికొచ్చారు, అయిందా సిస్టరుగారూ అన్నారు. గంగులుగారి అమ్మాయి రాజకుమారి అని ఎవరైనా మీకు తెలుసా అని అడిగాను. ఆయన నా వైపు వింతగా చూసి, తెలియకపోవడమేంటమ్మా అని కిటికీ దగ్గరికి వెళ్లి కేకేశారు.

“రాజకుమారమ్మా! గరిట అక్కడ పెట్టి ఒకసారి ఇలా రా!”

“పలావు అడుగంటిపోతాది అయ్యగారూ! ఏటి సెప్పండి!”

“అడుగంటితే అంటనీ. రా.”

గరిట అక్కడ పెట్టలేదు, దాంతోనే వచ్చింది. పొట్టి మనిషి, చెమటకి నుదుటికి అతుక్కున్న తెల్ల వెంట్రుకలు, చీర బొడ్లో దోపుకుని ఉంది. లారీ డ్రైవర్లకి నలభై ఏళ్లు మెస్ నడిపిందట, ఇప్పటికీ సంఘంలో ఏ పెళ్లయినా వంట ఆమెదేనట, అయ్యగారు చెబుతున్నారు, నేను వినడం లేదు, చూస్తున్నాను. గడ్డం. అమ్మమ్మ గడ్డం. కింద పెదవి కొంచెం ముందుకి, ఎవరితోనో దెబ్బలాటకి సిద్ధంగా ఉన్నట్టు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పుస్తకం తిప్పి ఆ వరస మీద వేలు పెట్టాను. ఆమె చదివింది, పెదాలు కదుపుతూ, మెల్లగా.

“ఇది తెలుసునమ్మా. మా అప్ప. నాను పుట్టకముందే పోనాది. మా అయ్య ప్రతి క్రిస్మస్‌కీ రెండు గౌన్లు కుట్టించీవోడు. ఒకటి నాకు. రెండోది, వీధిలో ఏ నాలుగేళ్ల గుంట కనపడితే దానికి తొడిగీవోడు. మా అమ్మ ఏటీ అనీది కాదు. నాకే కోపమొచ్చీది.” గరిట చేతులు మార్చుకుంది. “కాళ్లు బాగయ్యాక ఒకసారి ఎల్లినాడంట ఆ పేటకి. అమ్మోరు సోకిన ఇల్లని తగలెట్టీసినారంట. ఏరు ఇవతల నుంచే ఆ బూడిద సూసి, ఎవుల్నీ అడగకుండా తిరిగొచ్చీసినాడు. ఇంతకీ నువ్వెవులమ్మా?”

“ఆ పిల్ల మనవరాల్ని” అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. అయ్యగారికి అయింది, పూలమాలలు కుర్చీ మీద పెట్టేశారు. నాలుగేళ్లకి పోయిన గుంటకి మనవరాలేటి అని ఆమె ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది, నేను చెబుతున్నాను, పిన్ని ఎత్తుకుపోయింది, ఆ ఇంట్లో అప్పుడు పిల్ల లేదు, భావనపాడులో ఉంది, బతికింది, పెళ్లయింది, మా అమ్మని కంది, ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి మాటలు, మధ్యలోనే ఆమె గరిట నేల మీద పడేసి నా రెండు భుజాలూ పట్టుకుంది. “ఉన్నాదా?” అంది. “ఇప్పుడున్నాదా?”

ఫోను తీసి నొక్కి, వినపడేలా పెట్టి బల్ల మీద ఉంచాను. నాలుగుసార్లు మోగింది. అమ్మమ్మ ఎప్పుడూ ఫోనెత్తి ముందు కాకిని తిట్టి తర్వాత మాట్లాడుతుంది, అలాగే చేసింది. మొత్తం చెప్పాను. ఇంత పెద్ద సంగతి మెల్లగా చెప్పాలని రోగుల బంధువులతో నేర్చుకున్నదంతా మర్చిపోయి, ఒక్క గుక్కలో చెప్పాను, మీ అయ్య రంగం నుంచి వచ్చాడు, నువ్వు అమ్మోరు సోకి పోయావని ఎవరో చెప్పారు, ఏడ్చి ఏడ్చి నీ పేరు చావుల పుస్తకంలో రాయించాడు, 1981 దాకా బతికాడు అని.

“నాను సచ్చిపోనానని రాసినారా?”

“అవును.”

“ఏడిసినాడంటవా?”

“మూడు రోజులు. పుస్తకంలో ఉంది.”

ఫోనులోంచి ఒక శబ్దం వచ్చింది, ఏడుపనుకున్నాను, నవ్వు, నేను చిన్నప్పుడెప్పుడో విన్న నవ్వు, గంపలో చేపలన్నీ అమ్ముడైన రోజు నవ్వేది అలా. “ఓలమ్మో, మా అయ్య నాకోసం ఏడిసినాడంట” అని అవతల ఎవరితోనో అంటోంది, మా అమ్మతో కాబోలు. “ఈ ఏడు ఆకెయ్యాల. ఇన్నేళ్లదీ కలిపి ఎయ్యాల. మనిషికి ఎంతాకలో.” తర్వాత గొంతు మారింది. “ఒలే భారతీ, ఆ పక్కన ఎవులే ఎక్కిళ్లు పెడతన్నారు?”

నేను రాజకుమారమ్మ వైపు చూశాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని ఫోను మీదికి వంగింది, పెద్దగా మాట్లాడితే తప్ప వినపడదన్నట్టు అరిచింది, “అప్పా, నానే! రాజకుమారిని! నీ సెల్లిని!”

“నాకు సెల్లేటి?”

“ఉన్నానప్పా. సాలూరులో ఉన్నాను. పెళ్లికి పలావు వండతన్నాను.”

అప్పుడు మా అమ్మమ్మ, జన్మంతా తోడబుట్టినవాళ్లు లేని మనిషి, అడిగింది, “నువ్వు సేపలు తింతవా?”

“తినకేటి! ఈ ఊళ్లో మంచి సేప దొరకదప్పా, అంతా ఐసుదే.”

“సరే, ఉండు. పొయ్యి సూసుకో, పలావు మాడిపోతాది. నాను వస్తన్నాను.”

ఇవాళ వద్దమ్మమ్మా, ఆదివారం నేనే వచ్చి తీసుకొస్తాను అన్నాను, విన్నదెవరు. ముందు ఆ పుస్తకంలో నా సావు కొట్టీమను అంది. కొట్టేయడానికి లేదట, అయ్యగారు ఫోనుకి దగ్గరగా వచ్చి ఎంతో వినయంగా చెప్పారు, పాత వరస చెరపకూడదమ్మా, పక్కన షరాలో రాస్తాను అన్నారు, జేబులోంచి పెన్ను తీశారు, కుర్చీ లాక్కుని కూచున్నారు. బయట డప్పు మొదలైంది, పెళ్లికూతురు వచ్చేసిందని ఎవరో పిల్లలు అరుస్తున్నారు, ఆయన తల ఎత్తలేదు. పై కూర్మమ్మగారు జీవించియున్నారు, ఈ దినము టెలిఫోనులో స్వయముగా మాట్లాడిరి, అని రాసి తేదీ వేసి, పైకి చదివి వినిపించారు. “గట్టిగా ఉన్నాదని కూడా రాయండి” అంది ఫోను. రాశారు. కింద రాజకుమారమ్మ సంతకం పెట్టింది, నేను పెట్టాను.

అవతల అమ్మమ్మ అప్పటికే ఫోను వదిలేసింది. కట్ చెయ్యలేదు, ఎక్కడో మంచం మీద పడేసి పెద్దగా కేకలేస్తూ దూరం వెళ్లిపోతోంది, ఒరే బాబీ ఆటో తియ్యరా, మా సెల్లి దగ్గరికి ఎల్లాల, ఆ కోనెం సేపలు ఎండినియ్యి అట్టపెట్టెలో సర్దవే, మంచి కోకేది. గొంతు సన్నమై, వీధిలోకి పోయి, వినపడడం మానేసింది. అయినా ఫోను ఊరుకోలేదు. దాంట్లోంచి ఇంకేదో వస్తోంది, లేస్తూ, విరుగుతూ, కాస్త ఆగి మళ్లీ లేస్తూ. పెళ్లికూతురు తెల్ల చీరలో గుమ్మం దగ్గరికి వచ్చి, ఏమైందో తెలియక, పూల కిరీటం పట్టుకుని అక్కడే నిలబడింది. రాజకుమారమ్మ ఫోనెత్తి చెవికి గట్టిగా ఆనించుకుంది, కళ్లు మూసుకుంది.

“మా అయ్య నోటితో అనీవోడు ఇలాగ, నన్ను నిద్దరపుచ్చడానికి” అంది. “ఇదేనా సముద్రం?”

“ఇదే” అన్నాను. “ఇంటి ముందే.”